తన మీద రాసిన ఫైళ్లు, తాను రాసిన జాబితా: జార్జ్ ఆర్వెల్ జీవితం

ఫోన్ల మీద నిఘా అన్నా, రోడ్ల మీద ముఖాలను గుర్తుపట్టే కెమెరాలన్నా ఇవాళ ఒక నవల పేరు తప్పకుండా వినిపిస్తుంది. అదే '1984'. బిగ్ బ్రదర్ అనే మాట ఆ పుస్తకం చదవనివాళ్లకు కూడా తెలుసు. ఇంటి గోడకున్న తెర మనిషిని కనిపెడుతూ ఉంటుంది. పాత పేపర్లలోని వార్తలు రాత్రికి రాత్రే మారిపోతాయి. కన్నపిల్లలే తల్లిదండ్రులను పోలీసులకు పట్టిస్తారు. అలాంటి రాజ్యం రావచ్చు, జాగ్రత్త అని లోకాన్ని హెచ్చరించిన రచయిత జార్జ్ ఆర్వెల్.

ఆ నవల 1949 జూన్ 8న లండన్‌లో విడుదలైంది. దానికి అయిదు వారాల ముందు, మే 2న, ఆర్వెల్ క్షయ రోగుల ఆసుపత్రిలో మంచం మీద నుంచే ఒక జాబితా పంపారు. అందులో 38 మంది పేర్లున్నాయి. రచయితలు, విలేకరులు, నటులు, ప్రొఫెసర్లు. అది చేరింది బ్రిటిష్ విదేశాంగ శాఖలోని ఒక రహస్య విభాగానికి. వీళ్లు కమ్యూనిస్టులో, లోలోపల వాళ్లవైపు మొగ్గినవాళ్లో అయి ఉంటారు, వీళ్లను నమ్మి పని అప్పగించవద్దు అన్నది దాని సారాంశం. తమ పేర్లు అక్కడికి చేరిన సంగతి ఆ 38 మందిలో ఎవరికీ తెలియదు.

ఇంకో విచిత్రం కూడా ఉంది. ఆర్వెల్ మీద కూడా ఆయనకు తెలియకుండా ఫైళ్లు నడిచాయి. ఒకటి కాదు, మూడు చోట్ల. వాటిలో కొన్ని ఆయన చనిపోయిన ఎన్నో ఏళ్లకు గానీ బయటపడలేదు. ఈ ఫైళ్లనూ ఆ జాబితానూ పక్కపక్కన పెట్టి చూస్తేనే ఆయన జీవితం పూర్తిగా అర్థమవుతుంది.

మోతిహారి నుంచి బర్మా దాకా

ఆర్వెల్ అసలు పేరు ఎరిక్ ఆర్థర్ బ్లెయిర్. పుట్టింది మన దేశంలోనే. 1903 జూన్ 25న బీహార్‌లోని మోతిహారిలో. తండ్రి రిచర్డ్ బ్లెయిర్ బ్రిటిష్ ప్రభుత్వపు నల్లమందు శాఖలో ఉద్యోగి. తల్లి ఐడా పెరిగింది బర్మాలోని మౌల్మీన్‌లో. పిల్లవాడికి ఏడాది నిండాక తల్లి అతణ్ని ఇంగ్లండ్ తీసుకెళ్లిపోయింది. తండ్రి మాత్రం 1912లో రిటైరయ్యేదాకా ఇక్కడే నౌకరీ చేశాడు.

పెద్ద హోదా లేదు, చేతిలో డబ్బూ అంతంత మాత్రమే. కానీ పిల్లవాడు చదువులో చురుకు. స్కాలర్‌షిప్ మీద ఈటన్ స్కూల్లో సీటు వచ్చింది. తర్వాతి కాలంలో 'బ్రేవ్ న్యూ వరల్డ్' రాసిన ఆల్డస్ హక్స్‌లీ కొన్నాళ్లు అక్కడ అతనికి ఫ్రెంచ్ పాఠాలు చెప్పాడు. ఈటన్ తర్వాత అందరిలా యూనివర్సిటీకి పోకుండా, 1922లో పందొమ్మిదేళ్లకే ఇండియన్ ఇంపీరియల్ పోలీసులో చేరి బర్మా వెళ్లారు.

ఆ రోజుల్లో రంగూన్ రేవులోనూ, ధాన్యం మిల్లుల్లోనూ మన కోరంగి వైపు నుంచి వెళ్లిన తెలుగు కూలీలు వేల సంఖ్యలో ఉండేవాళ్లు. వాళ్లందరి మీదా, బర్మీయుల మీదా హుకుం చెలాయించే యంత్రంలో ఈ కుర్ర ఆఫీసరు ఒక భాగం. అయిదేళ్లు అక్కడ పనిచేశారు. ఇన్‌సేన్, మౌల్మీన్, కథా లాంటి చోట్ల పోస్టింగులు. పరాయి దేశాన్ని లాఠీతో ఏలడం ఎలా ఉంటుందో లోపలి నుంచి చూశారు. 1927లో సెలవు మీద ఇంగ్లండ్ వచ్చి, మళ్లీ వెళ్లకుండా రాజీనామా చేశారు.

ఆ అనుభవంతో రాసిన నవల 'బర్మీస్ డేస్' 1934లో అమెరికాలో వచ్చింది. పరువునష్టం కేసులు పడతాయన్న భయంతో ఇంగ్లండ్ ప్రచురణకర్తలు ముందు వెనకాడారు. అందులో వీరస్వామి అనే భారతీయ డాక్టరు ఉంటాడు. బ్రిటిష్ వాళ్లంటే అతనికి ఎంతో గౌరవం. స్థానికంగా పలుకుబడి ఉన్న ఒక మేజిస్ట్రేటు అతని మీద పగబట్టి, ప్రభుత్వద్రోహి అంటూ పేరులేని ఉత్తరాలు పైవాళ్లకు పంపిస్తాడు. ఏ నేరమూ రుజువు కాదు. అయినా అనుమానం అంటుకుంటుంది. చివరికి డాక్టర్ హోదా తగ్గించి వేరే ఊరికి బదిలీ చేస్తారు. చాటుగా రాసిన కాగితం మనిషినెలా కూల్చేస్తుందో ఆర్వెల్‌కు ముప్పై ఏళ్ల వయసులోనే బాగా తెలుసని ఈ కథే చెబుతుంది.

ఆయన మీద నడిచిన ఫైళ్లు

పోలీసు నౌకరీ వదిలాక ఆయన పేదల మధ్య బతికారు. పారిస్ హోటళ్లలో గిన్నెలు కడిగారు. లండన్‌లో ఇల్లూ వాకిలీ లేనివాళ్లతో కలిసి తిరిగారు. ఆ అనుభవాల మీద 1933లో మొదటి పుస్తకం వచ్చింది. జార్జ్ ఆర్వెల్ అనే కలం పేరు పెట్టుకున్నది అప్పుడే. ఇదే కాలంలో లండన్ పోలీసుల స్పెషల్ బ్రాంచ్ ఆయన మీద కన్నేసింది. కమ్యూనిస్టు పత్రికకు రాయబోయారని, కార్మికుల సభలకు వెళ్తారని, భారతీయ స్నేహితులు ఉన్నారని, బట్టలు కూడా తీరుగా వేసుకోరని నోట్లు రాసుకున్నారు. ఈ కాగితాలు 2007లో గానీ జనానికి కనబడలేదు.

రెండో ఫైలు స్పెయిన్‌లో తయారైంది. 1936 చివర్లో అక్కడ ఫ్రాంకో సైన్యంతో పోరాడటానికి ఆర్వెల్ వెళ్లారు. చేరింది పోమ్ అనే చిన్న వామపక్ష పార్టీ దళంలో. ఆ పార్టీ మాస్కో మాట వినేది కాదు. 1937 మే 20న తూటా ఆయన గొంతులోంచి దూసుకుపోయింది. చావు తప్పింది. ఆసుపత్రి నుంచి బార్సిలోనా తిరిగి వచ్చేసరికి సొంతవాళ్లే శత్రువులైపోయారు. పోమ్ పార్టీ ఫ్రాంకోకు రహస్య ఏజెంటు అంటూ కమ్యూనిస్టు పత్రికలు ప్రచారం మొదలుపెట్టాయి. పార్టీని నిషేధించారు. నాయకుడు ఆంద్రే నిన్‌ను మాయం చేసి చంపేశారు. ఆర్వెల్ దళ కమాండర్ జార్జ్ కోప్‌ను ఏ నేరం చేశాడో చెప్పకుండా జైల్లో పెట్టారు.

ఆర్వెల్ పగలు మామూలు టూరిస్టులా తిరుగుతూ, రాత్రిళ్లు పాడుబడిన చోట్ల పడుకుంటూ రోజులు గడిపారు. అప్పుడు కూడా భార్య ఐలీన్‌తో కలిసి కోప్‌ను చూడటానికి జైలుకు వెళ్లారు. అతణ్ని విడిపించడానికి పనికొచ్చే ఒక ఉత్తరం కోసం ఆఫీసర్ల చుట్టూ తిరిగారు. దొరికితే తన గతీ అంతే అని తెలిసీ ఆ పని చేశారు. చివరికి జూన్‌లో భార్యాభర్తలిద్దరూ రైల్లో ఫ్రాన్స్ దాటి బయటపడ్డారు. వాళ్లు వెళ్లిపోయిన కొద్ది రోజులకే, జులై 13న, దేశద్రోహం కేసులు చూసే కోర్టు కోసం తయారైన ఒక రిపోర్టులో బ్లెయిర్ దంపతుల పేర్లు చేరాయి. ఆ కాగితం ఉందని ఆర్వెల్‌కు బతికుండగా తెలియదు.

ఇంగ్లండ్ వచ్చి ఈ సంగతులు రాస్తే వేసుకునేవాళ్లు లేరు. వామపక్ష పత్రిక 'న్యూ స్టేట్స్‌మన్' ఎడిటర్ కింగ్స్‌లీ మార్టిన్ తిప్పి పంపేశాడు. స్పెయిన్ మీద రాసిన పుస్తకం 1500 కాపీలు వేస్తే, ఆయన చనిపోయే నాటికి కూడా అన్నీ అమ్ముడుపోలేదు. కళ్లతో చూసిన నిజం కంటే పార్టీ చెప్పిన అబద్ధమే చదువుకున్నవాళ్లకు ముద్దయిందని ఆయనకు కోపం వచ్చింది. ఆ కోపం చివరిదాకా చల్లారలేదు.

మూడో కాగితం మన దేశానికి సంబంధించింది. 1938 మొదట్లో లక్నోలోని 'పయనీర్' పత్రిక ఎడిటర్ ఆర్వెల్‌ను ఉద్యోగానికి పిలిచాడు. ఎందుకైనా మంచిదని లండన్‌లోని ఇండియా ఆఫీసును అడిగాడు. అక్కడి అధికారి గుట్టుగా జవాబు రాశాడు. రాయడంలో దిట్టే గానీ, ఈయనవి తీవ్రవాద వామపక్ష భావాలు, పైగా మొండి మనిషి, ఇబ్బందులు రావచ్చు అన్నది ఆ జవాబు సారాంశం. ఈలోగా ఆర్వెల్‌కు రక్తం పడటంతో ఆసుపత్రిలో చేరాల్సి వచ్చింది, ప్రయాణం ఆగిపోయింది. పదకొండేళ్ల తర్వాత ఆయన తన చేత్తో 38 మంది గురించి రాసింది కూడా ఇలాంటి కాగితమే. ఈయన రాయగలడు గానీ నమ్మకండి అని.

బుఖారీ సాహెబ్ ఆఫీసులో

ఆరోగ్యం కోసం డాక్టర్లు వెచ్చని దేశానికి వెళ్లమంటే 1938లో మొరాకోలోని మరాకేష్ నగరానికి వెళ్లారు. ఫ్రెంచి పాలనలో అక్కడి ముస్లింలు, యూదులు ఎంత పేదరికంలో ఉన్నారో చూశారు. ఏలేవాడి కంటికి ఏలబడేవాడు మనిషిగానే కనబడడన్న సంగతిని ఒక వ్యాసంలో రాశారు. ఆ చూపు ఒకప్పుడు తనకూ ఉండేదని బర్మా రోజుల నుంచే ఆయనకు తెలుసు.

రెండో ప్రపంచ యుద్ధంలో, 1941 ఆగస్టు నుంచి 1943 నవంబరు దాకా ఆయన బీబీసీలో పనిచేశారు. భారతదేశానికి ప్రసారాలు చేసే విభాగం అది. దానికి పెద్ద జుల్ఫికర్ అలీ బుఖారీ. తర్వాతి రోజుల్లో పాకిస్తాన్ రేడియోను నిలబెట్టిన ఆ బుఖారీ సాహెబే ఇక్కడ ఆర్వెల్ పైఅధికారి. ముల్క్ రాజ్ ఆనంద్ లాంటి రచయితలు అక్కడికి వచ్చి మాట్లాడేవాళ్లు. భారతదేశానికి స్వాతంత్ర్యం ఇవ్వాల్సిందేనని ఆర్వెల్ గట్టిగా నమ్మారు. కానీ మైకు ముందు చదివే ప్రతి మాటా ముందుగా సెన్సారు చూసి ఓకే చెప్పాలి. మంచి పక్షంలో ఉన్నామనుకుంటూనే ప్రచారం చేయడం ఎలా ఉంటుందో ఆ రెండేళ్లలో రుచి చూశారు. '1984'లో అబద్ధాలు తయారుచేసే సత్య మంత్రిత్వ శాఖకు ఈ అనుభవమూ ముడిసరుకే.

బీబీసీ వదిలాక 'యానిమల్ ఫామ్' రాశారు. జంతువులు యజమానిని తరిమేసి రాజ్యం తెచ్చుకుంటే, పందులు కొత్త యజమానులై కూర్చోవడం ఆ కథ. స్టాలిన్ రష్యా మీద విసిరిన బాణం అని అందరికీ అర్థమైంది. రష్యా అప్పుడు బ్రిటన్‌కు మిత్రదేశం. ఒక ప్రచురణ సంస్థ ముందు సరేనని, సమాచార మంత్రిత్వ శాఖలోని ఒక అధికారి వద్దనడంతో వెనక్కి తగ్గింది. ఆ అధికారి పేరు పీటర్ స్మోలెట్. చివరికి పుస్తకం 1945 ఆగస్టులో వచ్చింది. స్మోలెట్ సోవియట్ గూఢచారి అని చాలా ఏళ్ల తర్వాత తేలింది. ఆర్వెల్ పంపిన 38 పేర్లలో అతని పేరూ ఉంది. అంటే ఆర్వెల్ అనుమానాలన్నీ గాలివాటం కావు. కొన్ని నిజమే.

ఎదుటివాడికి జవాబు చెప్పుకునే హక్కు

యుద్ధం అయిపోయాక ఆయన ఫ్రీడమ్ డిఫెన్స్ కమిటీ అనే పౌరహక్కుల సంఘానికి వైస్ ఛైర్మన్‌గా ఉన్నారు. 1948లో బ్రిటిష్ ప్రభుత్వం కీలక ఉద్యోగాల నుంచి కమ్యూనిస్టులను ఏరివేయడం మొదలుపెట్టింది. ఆ ఏడాది ఆగస్టులో ఈ సంఘం ఒక ప్రకటన చేసింది. ఉద్యోగి తరఫున మాట్లాడటానికి యూనియన్ ప్రతినిధిని రానివ్వాలి. ఆరోపణకు వేరే సాక్ష్యం కూడా ఉండాలి, ముఖ్యంగా గూఢచారి విభాగాలు ఎవరు చెప్పారో బయటపెట్టకుండా మోపే ఆరోపణకు. సాక్షులను ప్రశ్నించే అవకాశం ఇవ్వాలి. దాని కింద సంతకం చేసినవాళ్లలో ఆర్వెల్ ఒకరు. ఆయనకు కమ్యూనిస్టులంటే పడదు. అయినా వాళ్లకు కూడా ఇన్సాఫ్ జరగాలని సంతకం పెట్టారు.

ఆ సంతకానికీ ఆ జాబితాకూ మధ్య తొమ్మిది నెలలు కూడా లేవు.

అప్పటికి ఆయన ఒళ్లు పూర్తిగా గుల్లైంది. భార్య ఐలీన్ 1945లో ఆపరేషన్ టేబుల్ మీదే చనిపోయింది. పెంచుకున్న కొడుకు రిచర్డ్ ఇంకా చిన్నవాడు. స్కాట్లండ్ పక్కన జూరా అనే దీవిలో, కరెంటు లేని ఇంట్లో, దగ్గుతూ '1984' రాశారు. అమెరికా నుంచి తెప్పించిన స్ట్రెప్టోమైసిన్ ఒంటికి పడక ఆపేయాల్సి వచ్చింది. 1948 డిసెంబరులో నవల పూర్తిచేసి, జనవరిలో గ్లోస్టర్‌షైర్‌లోని క్రానమ్ శానిటోరియంలో చేరారు.

మార్చి 29న అక్కడికి సీలియా కిర్వాన్ చూడటానికి వచ్చింది. ఒకప్పుడు ఆర్వెల్ పెళ్లి చేసుకుంటావా అని అడిగిన స్నేహితురాలు. ఆమె అప్పుడు సమాచార పరిశోధన విభాగం అనే కొత్త ఆఫీసులో పనిచేస్తోంది. లేబర్ ప్రభుత్వం 1948లో సోవియట్ ప్రచారానికి పోటీగా గుట్టుగా పెట్టిన ఆఫీసు అది. ఏదైనా రాసిపెట్టమని ఆమె అడిగింది. రాసే ఓపిక లేదన్నారు. రాయగలవాళ్ల పేర్లు కొన్ని చెప్పారు. ఏప్రిల్ 6న ఉత్తరం రాస్తూ, రాయించకూడనివాళ్ల పేర్లు కూడా ఇస్తానని ఆయనే ముందుకొచ్చారు.

అలాంటి పేర్లు ఆయన ఒక నోటుపుస్తకంలో కొన్నేళ్లుగా రాసుకుంటూ ఉన్నారు. అందులో 135 దాకా ఉన్నాయి. జూరా నుంచి దాన్ని తెప్పించుకుని, 38 పేర్లు ఎంచి మే 2న పంపారు. నటులు చార్లీ చాప్లిన్, మైఖేల్ రెడ్‌గ్రేవ్, రచయిత జె.బి. ప్రీస్ట్‌లీ, చరిత్రకారులు ఇ.హెచ్. కార్, ఐజాక్ డాయిషర్ అందులో ఉన్నారు. తన స్పెయిన్ వ్యాసాన్ని తిప్పి పంపిన కింగ్స్‌లీ మార్టిన్ కూడా ఉన్నాడు. ఈ జాబితా బయటికొస్తే పరువునష్టం కిందికి వస్తుందేమోనని ఆర్వెల్‌కూ తెలుసు. అందుకే చూశాక తప్పకుండా వెనక్కి పంపమని కోరారు.

నోటుపుస్తకంలో ఇంకా మనసు నొప్పించే విషయం ఉంది. డాయిషర్ పేరు పక్కన పోలండ్ యూదుడని రాసుకున్నారు. చాప్లిన్ పేరు పక్కన యూదుడేమో అని ప్రశ్నార్థకం పెట్టారు. నల్లజాతి గాయకుడు పాల్ రోబ్సన్‌కు తెల్లవాళ్లంటే పడదని రాశారు. మనిషి రాజకీయాలు తేల్చడానికి అతని మతం, జాతి ఎందుకు? 1945లో యూదు ద్వేషం మీద వ్యాసం రాస్తూ, ఆ జబ్బును ముందు ఎవరికి వాళ్లు తమలోనే వెతుక్కోవాలని చెప్పింది ఈయనే.

ఆయన తరఫు వాదన, అవతలి వాదన

ఆర్వెల్ 1950 జనవరి 21న 46 ఏళ్లకే చనిపోయారు. ఉత్తరం సంగతి 1996లో, నోటుపుస్తకం 1998లో, అసలు జాబితా 2003లో బయటికొచ్చాయి. అప్పటి నుంచీ వాదన నడుస్తూనే ఉంది.

ఆయన తరఫువాళ్లు చెప్పేదాంట్లో బలం ఉంది. ఆ జాబితా వల్ల ఎవరూ జైలుకు వెళ్లినట్టు, ఎవరి బతుకుతెరువూ పోయినట్టు ఆధారాలు లేవు. పంపింది పోలీసులకు కాదు, ప్రచారం చేసే ఆఫీసుకు. రెడ్‌గ్రేవ్ సంగతే చూడండి. 1956లో '1984' సినిమాగా వస్తే, అందులో హింస పెట్టే పార్టీ అధికారి వేషం వేసింది ఆయనే. పైగా అప్పటికి తూర్పు యూరప్ మొత్తం స్టాలిన్ గుప్పిట్లోకి పోయింది. స్పెయిన్‌లో స్నేహితులను పోగొట్టుకున్న మనిషికి అది పేపర్లో వార్త మాత్రమే కాదు. ఎవరు ఎటు ఉన్నారో ఒక్కొక్కరినీ విడిగా చూసి తేల్చాలని అదే రోజుల్లో ఒక మిత్రుడికి ఉత్తరంలో రాశారు కూడా.

అవతలివాళ్ల మాట ఒక్కటే. ఆ 38 మందికి జవాబు చెప్పుకునే అవకాశం ఏది? 1948లో తాను సంతకం పెట్టి అడిగిన మూడు షరతుల్లో ఒక్కటి కూడా ఇక్కడ లేదు. సాక్ష్యం లేదు, ప్రతినిధి లేడు, ప్రశ్నించే వీలు లేదు. స్మోలెట్ విషయంలో అనుమానం నిజమైంది గనుక మిగతావాళ్ల పేర్లు ఇవ్వడం న్యాయమైపోదు.

ఆర్వెల్ ఎవరిని నమ్మారో కూడా చూడాలి. అడిగింది మంచి స్నేహితురాలు. ఆఫీసు తాను బలపరిచిన లేబర్ ప్రభుత్వానిది. లక్ష్యం నియంతను ఎదిరించడం. అన్నీ మంచివే అనిపించాయి. కానీ లేబర్ ప్రభుత్వం 1951లో దిగిపోయింది, ఆఫీసు మాత్రం 1977 దాకా నడిచింది. ఇచ్చిన మనిషి చనిపోయాక కూడా పేర్లు ఫైల్లో ఉండిపోయాయి.

ఆయన పుస్తకాలకూ ఇలాగే జరిగింది. ఆ ఆఫీసు 'యానిమల్ ఫామ్'ను చాలా భాషల్లోకి అనువాదం చేయించే పనిలో పడింది. ముస్లింలకు పంది, కుక్క రెండూ నాపాక్ కదా, అరబ్బీలో ఈ కథ బాగా ఎక్కుతుందని కైరో నుంచి ఒక బ్రిటిష్ అధికారి సలహా రాశాడు. కథలో ఇన్సాఫ్ గురించి ఉన్న మాట ఆయనకు పట్టలేదు. 1954లో అమెరికా గూఢచారి సంస్థ సీఐఏ డబ్బుతో అదే కథ కార్టూన్ సినిమాగా వచ్చింది. పుస్తకం చివర్లో పందులకూ మనుషులకూ తేడా తెలియకుండా పోతుంది. అంటే కమ్యూనిస్టు పాలకుడూ, పెట్టుబడిదారుడూ ఒకటే అని. సినిమాలో మనుషులను తీసేశారు, తప్పంతా పందులదే అయింది. '1984' సోషలిజం మీద దాడి కాదని ఆర్వెల్ బతికుండగానే వివరణ ఇవ్వాల్సి వచ్చింది. ఆయన పోయాక ఆ మాట వినేవాళ్లు తగ్గిపోయారు.

నవల ఏం చెబుతోంది

'1984'లో పార్సన్స్ అనే పొరుగింటి మనిషి ఉంటాడు. అతని ఏడేళ్ల కూతురు తండ్రి నిద్రలో పలవరించిన మాట విని పోలీసులకు చెబుతుంది. ఆ పిల్ల దుర్మార్గురాలు కాదు. మంచి పని చేస్తున్నాననే అనుకుంది. జైల్లో పడ్డ తండ్రి కూడా కూతురిని చూసి గర్వపడతాడు. పేర్లు అందించేవాళ్లు రాక్షసులే అయి ఉండనక్కర్లేదనీ, తమది న్యాయమైన పక్షమని గట్టిగా నమ్మేవాళ్లే ఆ పని హాయిగా చేయగలరనీ ఆ సన్నివేశం చెబుతుంది. ఆ పేజీ రాసిన కొన్ని నెలలకే ఆర్వెల్ ఆ జాబితా పంపారు.

అందుకని నవలను అవతల పారేయాలా? అక్కర్లేదు. ఆయన చేసింది తప్పని మనం ఏ కొలతతో తేలుస్తున్నామో, ఆ కొలత ఇచ్చింది వీరస్వామి కథ, జార్జ్ కోప్ కోసం జైలు గుమ్మం ఎక్కిన మనిషి, 1948 నాటి ఆ సంతకం. ఆరోపణ ఎదుటివాడికి చెప్పాలి, సాక్ష్యం చూపాలి, జవాబు వినాలి. ఈ మూడూ లేని కాగితం ఎవరు రాసినా, ఎవరి మీద రాసినా, ఎంత మంచి ఉద్దేశంతో రాసినా అనుమానించాల్సిందే. ఆర్వెల్ రాసినా సరే.

ఇంగ్లండ్‌లో సట్టన్ కోర్ట్‌నీ అనే పల్లెటూరి చర్చి ఆవరణలో ఆయన సమాధి ఉంది. రాయి మీద ఎరిక్ ఆర్థర్ బ్లెయిర్ అనే పేరు, పుట్టిన తేదీ, పోయిన తేదీ ఉన్నాయి. లోకమంతా ఎరిగిన ఆర్వెల్ అనే పేరు మాత్రం ఆ రాయి మీద లేదు.